కార్బొరేటర్ బండికి మైలేజీ: స్క్రూ తిప్పే ముందు, తిప్పేటప్పుడు, తిప్పాక

2020 ఏప్రిల్ 1న బీఎస్‌6 అనే కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి గానీ, రోజూ ఆఫీసుకీ పొలానికీ షాపుకీ వెళ్లొచ్చే పాత స్ప్లెండర్లు, ప్యాషన్లు, షైన్లు, పల్సర్లు ఇంకా మన వీధుల్లో నిండుగా ఉన్నాయి. వాటిల్లో ఉన్నది కార్బొరేటరే, అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం. దాన్ని సరిగ్గా సెట్ చేసుకోవడం ఒక స్క్రూ డ్రైవరూ, కాస్త ఓపికా ఉన్న ఎవరికైనా వచ్చే పని. ఇక్కడ నేను 100 సీసీ స్ప్లెండర్ లాంటి బండిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను, మిగతా బళ్లకి తేడా ఉన్న చోట చెబుతాను.

ఒక్క మాట ముందే. మైలేజీ అంటే ఇంజిన్‌కి పెట్రోల్ తగ్గించి గాలి పెంచడం అని చాలామంది మెకానిక్కులు కూడా అనుకుంటారు. "గాలి ఎక్కువ పెట్టేశానన్నా, ఇక మైలేజీ చూసుకో" అంటారు. అలా పెట్టిన బండి లాగదు, లాగకపోతే మీరు ఇంకాస్త యాక్సిలరేటర్ తిప్పుతారు, తిప్పితే పెట్రోల్ తాగుతుంది, పైగా ఇంజిన్ పైభాగం (హెడ్) వేడెక్కి ఎగ్జాస్ట్ వాల్వు, పిస్టన్ దెబ్బతింటాయి. ఇంజిన్‌కి కావలసిన సరైన పాళ్లు ఒకటి ఉంటుంది, మామూలు పెట్రోల్‌కి లెక్క ప్రకారం 1 కిలో పెట్రోల్‌కి 14.7 కిలోల గాలి. మనం వెతకాల్సింది ఇంజిన్ హాయిగా తిరిగే ఆ చోటుని. అంతకన్నా గాలి పెంచితే వచ్చే లాభం ఏమీ లేదు.

ముందు ఇప్పుడెంత ఇస్తోందో కొలవండి

రిజర్వ్‌లో పడ్డాక లీటరు పోయించి, మళ్లీ రిజర్వ్‌లో పడేదాకా నడిపి "45 ఇస్తోంది" అనే లెక్క మనవాళ్లు ఎక్కువగా చేస్తారు. దాన్ని నమ్మకండి. బండి వంగిన తీరుని బట్టి, ఎత్తు దిగుతున్నారా ఎక్కుతున్నారా అన్నదాన్ని బట్టి రిజర్వ్ ముందుగానో ఆలస్యంగానో పడుతుంది. ఒక్క లీటరు మీద కొలిచినప్పుడు ఆ కాస్త తేడానే లెక్క మొత్తాన్ని పాడు చేస్తుంది.

బంకులో బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ట్యాంకు మెడకి కొంచెం కింద మీకు కనిపించే ఏదో ఒక గుర్తు దాకా పోయించండి, మెడ దాకా నింపొద్దు, ఎండకి పెట్రోల్ ఉబ్బి కారుతుంది. మీటర్లో కిలోమీటర్లు రాసుకోండి. కనీసం 200 కిలోమీటర్లు మీరు రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపండి. మైలేజీ చూస్తున్నాం కదా అని జాగ్రత్తగా నడిపితే ఆ కొలతకి అర్థం లేదు. తర్వాత అదే బంకులో, అదే పంపు దగ్గర, అదే గుర్తు దాకా మళ్లీ పోయించండి. 214 కిలోమీటర్లు తిరిగి 4.1 లీటర్లు పట్టిందంటే లీటరుకి 52. వీలైతే వరుసగా 2 సార్లు కొలిచి సగటు తీయండి. స్ప్లెండర్ లాంటి బళ్లలో మీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది, కాబట్టి ముందు టైరు కంపెనీ సైజు కాకుండా పెద్దది వేయించి ఉంటే మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది, అప్పుడు మైలేజీ నిజంగా ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

ఈ కొలత లేకుండా స్క్రూ ముట్టుకోవద్దు, ఎందుకంటే తిప్పాక మెరుగైందో పాడైందో చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

కార్బొరేటర్ తప్పు కాకపోవచ్చు

మైలేజీ పడిపోయింది అని వచ్చే బళ్లలో చాలా వాటికి జబ్బు కార్బొరేటర్లో ఉండదు. అందుకే ఈ భాగం దాటేయకండి.

సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. కొంచెం తిరిగి టక్కున ఆగిందంటే బ్రేకు పట్టేస్తోంది, లేదా చైను మరీ బిగుతుగా ఉంది. చైను మధ్యలో వేలితో పైకీ కిందకీ ఆడిస్తే 2 నుంచి 3 సెంటీమీటర్లు కదలాలి, చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి, ఒక చోట వదులుగా మరో చోట బిగుతుగా ఉంటే చైన్ స్ప్రాకెట్ సెట్ అరిగిపోయినట్టే. ముందు చక్రం కూడా లేపి తిప్పి చూడండి. బ్రేకు రాసుకుంటూ నడిచే బండికి ఎంత ట్యూనింగ్ చేసినా దండగే.

టైర్లలో గాలి పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. ఎంత కొట్టాలో మాన్యువల్లోనో, బండి మీద ఉన్న స్టిక్కర్ మీదో రాసి ఉంటుంది. ఒక్కరే వెళ్లేటప్పటి లెక్క, వెనక ఇంకొకరు కూర్చున్నప్పటి లెక్క వేరువేరుగా ఉంటాయి. పంక్చర్ షాపులో కంటి అంచనాతో కొట్టే గాలిని నమ్ముకోకండి, గేజీ పెట్టమని అడగండి.

ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే కార్బొరేటర్ బండిలో మిశ్రమం చిక్కబడుతుంది, అంటే అదే గాలికి పెట్రోల్ ఎక్కువ పోతుంది. మట్టి రోడ్ల మీద తిరిగే బళ్లకి, కోతల సీజన్లో పొలాల వెంట తిరిగే బళ్లకి ఇది త్వరగా వస్తుంది. స్పాంజి రకమైతే కిరోసిన్‌లో ఉతికి, ఆరబెట్టి, ఇంజిన్ ఆయిల్ కొద్దిగా పట్టించి, గట్టిగా పిండి పెట్టొచ్చు. పొడి కాగితం రకమైతే లోపలి వైపు నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టొచ్చు. నూనె పట్టించిన కాగితం ఫిల్టర్ కొన్ని బళ్లలో వస్తుంది, చేత్తో ముట్టుకుంటే జిడ్డుగా ఉంటుంది, దాన్ని గాలి కొట్టి శుభ్రం చేయకూడదు, గడువు రాగానే మార్చేయడమే. ఫిల్టర్ తీసేసి నడపడం మాత్రం ఎప్పుడూ వద్దు, లోపలికి వెళ్లే ధూళి సిలిండర్‌ని గీకేస్తుంది.

స్పార్క్ ప్లగ్గు తీసి వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి గ్యాప్ చూడండి. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గు పేరు చివర 9 అని ఉంటే దాని గ్యాప్ 0.9 మిల్లీమీటర్లు. ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీ, మెకానిక్ చేతే, ఇంజిన్ పూర్తిగా చల్లారాక సెట్ చేయించండి, బిగుతు ట్యాపెట్ల వల్ల కూడా స్లోలో (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు) బండి ఆగిపోతుంది, ఆ లోపాన్ని కార్బొరేటర్ మీద వేసి స్క్రూలు తిప్పేవాళ్లు చాలామంది. ఇంజిన్ ఆయిల్ మీ బండికి 10డబ్ల్యూ30 అని కంపెనీ చెబితే అదే పోయించండి, పాత బండి కదా అని చిక్కటి 20డబ్ల్యూ50 పోసే అలవాటు ఉంది, ఆ చిక్కదనాన్ని తిప్పడానికి కూడా పెట్రోలే ఖర్చవుతుంది. క్లచ్ జారుతోందేమో చూడండి, 4వ గేరులో ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పితే శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయినట్టు.

ఇక చోక్, అంటే చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవడానికి మిశ్రమాన్ని చిక్కబరిచే ఏర్పాటు. పాత స్ప్లెండర్‌లో చోక్ లివర్ కార్బొరేటర్ మీదే ఉంటుంది, చలికాలం పొద్దున్నే ఎత్తి, మళ్లీ పూర్తిగా దించకుండా నెలల తరబడి తిరిగే వాళ్లున్నారు. కేబుల్ చోక్ ఉన్న బళ్లలో కేబుల్ పట్టేసి చోక్ సగంలో నిలిచిపోతుంది. ఒక్కసారి వేలు పెట్టి చూడండి.

ఇవన్నీ సరిచేశాక మళ్లీ ఒక ట్యాంకు కొలవండి. సగం మందికి పని ఇక్కడే అయిపోతుంది.

ఏ స్క్రూ ఏం చేస్తుందో తెలుసుకుని తిప్పండి

కార్బొరేటర్ పక్కన బయటికి కనిపించేవి మామూలుగా 2 స్క్రూలు. ఒకటి పెద్దది, స్ప్రింగ్‌తో ఉంటుంది, దాన్ని లోపలికి తిప్పితే లోపల ఉన్న స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే లేచి గాలి దారిని తెరిచే ముక్క) పైకి లేచి ఇంజిన్ స్పీడు పెరుగుతుంది. ఇదే స్లో స్క్రూ. రెండోది చిన్నది, తరచుగా ఇత్తడిది, కాస్త లోపలికి ఉంటుంది. గాలీ పెట్రోలూ పాళ్లు మార్చేది ఇదే, మనవాళ్లు అన్నిటినీ కలిపి ఎయిర్ స్క్రూ అనేస్తారు.

కానీ అన్నీ ఎయిర్ స్క్రూలు కావు, ఇక్కడ జాగ్రత్త. ఆ చిన్న స్క్రూ కార్బొరేటర్‌లో స్లైడ్‌కి ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది నిజంగా ఎయిర్ స్క్రూ, బయటికి తిప్పితే గాలి పెరిగి మిశ్రమం పలచబడుతుంది, లోపలికి తిప్పితే చిక్కబడుతుంది. అదే స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే అది పైలట్ స్క్రూ, దాని లెక్క పూర్తిగా తిరగబడుతుంది: బయటికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది, లోపలికి తిప్పితే తగ్గుతుంది. 150, 160 సీసీ బళ్లలో ఎక్కువగా వచ్చే, లోపల రబ్బరు డయాఫ్రమ్ ఉండే సీవీ కార్బొరేటర్లలోనూ, యాక్టివా లాంటి పాత స్కూటర్లలోనూ ఈ రెండో రకమే ఎక్కువ. కొన్ని కొత్త కార్బొరేటర్లలో ఆ స్క్రూ తలకి మామూలు గీత ఉండదు, ఇంగ్లిష్ డి అక్షరం ఆకారంలో ఉంటుంది, లేదా పైన మూత కొట్టి ఉంటుంది. కంపెనీ వాళ్లు ఎవరూ తిప్పకూడదని పెట్టిందది, తగిన టూల్ లేకుండా కటింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పితే తల విరిగిపోతుంది.

ఇంకో సంగతి, ఇది తెలియకే జనం ఆ స్క్రూ మీద అంత ఆశ పెట్టుకుంటారు. ఆ చిన్న స్క్రూ పనిచేసేది ఇంజిన్ స్లోలో ఉన్నప్పుడూ, యాక్సిలరేటర్ చాలా కొంచెం తెరిచినప్పుడూ మాత్రమే. పావు వంతు నుంచి ముప్పావు దాకా తెరిచినప్పుడు పెట్రోల్ ఎంత పోవాలో నిర్ణయించేది స్లైడ్‌కి వేలాడే సూది, ఆ సూది దిగే నీడిల్ జెట్ (జెట్ అంటే పెట్రోల్ పోయే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క). పూర్తిగా తెరిచినప్పుడు మెయిన్ జెట్. మీరు 45, 50 వేగంతో హైవే మీద సాఫీగా పోతున్నప్పుడు పని చేస్తున్నది ఎక్కువగా సూదే. కాబట్టి రోజూ విజయవాడ, హైదరాబాద్ లాంటి ఊళ్లలో సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ తిరిగేవాళ్లకి స్క్రూ సెట్టింగ్ వల్ల తేడా బాగా కనిపిస్తుంది, ఊరి నుంచి ఊరికి ఒకే వేగంతో పోయేవాళ్లకి తక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడు ట్యూనింగ్

ఆరుబయట చేయండి. మూసిన గదిలో, షెడ్డులో ఇంజిన్ నడపొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. దగ్గర్లో బీడీ, సిగరెట్టు, పొయ్యి ఏమీ ఉండకూడదు.

బండిని 10 నిమిషాలు రోడ్డు మీద నడిపి తీసుకురండి. స్టాండ్ మీద పెట్టి రేస్ చేసి వేడి చేస్తే సరిపోదు, ఇంజిన్ మొత్తం వేడెక్కాలి. చల్లటి ఇంజిన్‌కి చేసిన సెట్టింగ్ వేడెక్కాక చిక్కగా తేలుతుంది, మైలేజీ పోతుంది. హ్యాండిల్ దగ్గర యాక్సిలరేటర్ గ్రిప్‌కి కొద్దిగా ఖాళీ కదలిక ఉండాలి, కేబుల్ బిగుతుగా ఉంటే మీరు స్లో స్క్రూ ఎంత తిప్పినా స్లైడ్ కేబుల్ మీదే వేలాడుతుంది. హ్యాండిల్ని రెండు వైపులకీ పూర్తిగా తిప్పి చూడండి, స్పీడు మారకూడదు.

ఇంజిన్ ఆపండి. చిన్న స్క్రూని లోపలికి మెల్లగా తిప్పుతూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి, సగం చుట్టు, పావు చుట్టుతో సహా. వేళ్లకి ఆగినట్టు అనిపించగానే వదిలేయండి, బిగించొద్దు. దాని మొన సూదిలా ఉంటుంది, బిగిస్తే ఆ మొన పాడవుతుంది, కూర్చునే రంధ్రం వెడల్పవుతుంది, ఆ తర్వాత ఏ సెట్టింగూ నిలవదు. ఈ చుట్ల లెక్క ఒక చీటీ మీద రాసుకోండి. ఏం తేడా వచ్చినా మళ్లీ ఇక్కడికి రావచ్చు.

ఇప్పుడు అక్కడి నుంచి బయటికి 2 చుట్లు తిప్పి మొదలుపెట్టండి, చాలా బళ్లకి సరైన చోటు ఒకటిన్నర నుంచి రెండున్నర చుట్ల మధ్యే దొరుకుతుంది. మీ బండి మాన్యువల్లో అంకె ఉంటే అదే తీసుకోండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, స్లో స్క్రూతో స్పీడు తగ్గించండి, ఆగిపోకుండా నిలబడే అతి తక్కువ స్పీడు దాకా. స్పీడు ఇంత తక్కువగా ఉంటేనే చిన్న స్క్రూ చేసే మార్పు చెవికి తెలుస్తుంది, ఎక్కువ రేసులో పెట్టి తిప్పితే ఏమీ తెలియదు.

ఇక చిన్న స్క్రూని ఒక వైపుకి పావు చుట్టు తిప్పండి, ఆగండి. ఇంజిన్ ఆ మార్పుకి స్పందించడానికి 10 సెకన్లయినా పడుతుంది, గబగబా తిప్పేసేవాళ్లకి ఈ పని ఎప్పటికీ రాదు. స్పీడు పెరిగితే అదే వైపు ఇంకో పావు చుట్టు. పెరుగుతూ పెరుగుతూ ఒక చోట ఆగిపోతుంది, ఆ తర్వాత తిప్పితే తగ్గడం, తడబడడం మొదలవుతుంది. ఆ చోటు గుర్తుపెట్టుకుని ఇప్పుడు రెండో వైపుకి తిప్పుకుంటూ రండి, అక్కడ కూడా ఒక చోట పడిపోవడం మొదలవుతుంది. ఈ రెండు చోట్ల మధ్య ఇంజిన్ శబ్దం ఒకే తీరుగా, ఎత్తులో ఉంటుంది. స్క్రూని ఆ మధ్యలో ఆపండి. మైలేజీ కోసం అని పలచని అంచు దగ్గర ఆపాలనిపిస్తుంది, ఆపకండి. అక్కడ ఆపిన బండి పొద్దున్నే స్టార్ట్ కాదు, క్లచ్ వదులుతుంటే ఆగిపోతుంది, మీరు చోక్ ఎత్తి, రేసు పెంచి, మిగిల్చింది అంతా అక్కడే పోగొట్టుకుంటారు.

సరైన చోటు దొరికాక స్పీడు దానంతట అదే కొంచెం పెరిగి ఉంటుంది. స్లో స్క్రూతో దించండి. దించాక చిన్న స్క్రూని అటూ ఇటూ పావు చుట్టు ఆడించి మళ్లీ చూడండి, మధ్య చోటు కాస్త మారి ఉండొచ్చు. ఇలా 2, 3 సార్లు చేస్తే ఇక మారదు. చివరికి స్లో స్పీడు కంపెనీ చెప్పిన అంకె దగ్గర పెట్టండి, స్ప్లెండర్ తరహా 100 సీసీ బళ్లకి అది 1400 ఆర్‌పీఎం (నిమిషానికి 1400 చుట్లు) చుట్టుపక్కల. ఆర్‌పీఎం మీటరు లేని బండిలో చెవే కొలత: ఒక్కో దెబ్బా విడిగా వినపడేంత నెమ్మదిగా కాదు, గుయ్యిమనేంత గట్టిగానూ కాదు, హెడ్‌లైటు వేసినా, హారన్ కొట్టినా ఆగిపోకుండా నిలబడాలి. స్లో మరీ తక్కువ పెడితే ఆయిల్ పైకి సరిగ్గా అందదు, పెట్రోల్ మిగులుతుందని అలా పెట్టొద్దు.

సరైన చోటు ఎక్కడ దొరికింది అన్నది కూడా ఒక కబురే. ఎయిర్ స్క్రూ రకంలో దాదాపు పూర్తిగా మూస్తే గానీ ఇంజిన్ బాగా తిరగడం లేదంటే స్లోలో పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్ మూసుకుపోయి పెట్రోల్ చాలడం లేదు. పైలట్ స్క్రూ రకంలో 3 చుట్లు దాటి బయటికి వస్తేనే తిరుగుతోందంటే అదే జబ్బు. ఎటు తిప్పినా ఏ మార్పూ లేకపోతే ఆ దారి పూర్తిగా మూసుకుపోయింది, లేదా స్లైడ్ మరీ పైకి లేచి ఉంది. స్పీడు తనంతట తాను పెరుగుతూ తగ్గుతూ ఉంటే కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న ప్యాకింగ్, ఓ రింగు, రబ్బరు పైపు పగిలి దొంగ గాలి పోతోందేమో చూడండి, బోల్టులు బిగించి మళ్లీ మొదటి నుంచి చేయండి.

రోడ్డు మీద పరీక్ష

స్టాండ్ మీద యాక్సిలరేటర్ ఒక్కసారి చటుక్కున తిప్పి వదలండి. వెంటనే లేచి, వెంటనే దిగి, స్లోలో స్థిరంగా నిలబడితే బాగుంది. తిప్పగానే ఒక్క క్షణం గుటక వేసినట్టు తడబడితే, లేదా వదిలాక స్పీడు దిగడానికి బద్ధకిస్తూ పైనే ఆగితే మిశ్రమం పలచగా ఉంది. దిగేటప్పుడు స్లో కన్నా కిందికి పడిపోయి, కొట్టుకుంటూ మళ్లీ లేస్తే చిక్కగా ఉంది. దాన్నిబట్టి పావు చుట్టుకి మించకుండా సవరించుకోండి.

తర్వాత నడపండి. దిగుడులో యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపా పేలుతుంటే ముందు సైలెన్సర్ బెండు దగ్గర ప్యాకింగ్ లీకుందేమో చూడండి, లేకపోతే మిశ్రమం పలచన. 45 వేగంలో సాఫీగా పోతున్నప్పుడు బండి లాగి వదిలినట్టు ఊగుతుంటే అది కూడా పలచదనమే, అప్పుడు చోక్‌ని ఒక్క క్షణం కొంచెం ఎత్తి చూస్తే బండి బాగా లాగుతుంది, ఆ గుర్తుతో నిర్ధారణ అవుతుంది. దీన్ని ఖాళీ రోడ్డు మీద మాత్రమే చేయండి, చోక్ కార్బొరేటర్ దగ్గరే ఉన్న బండిలో వంగి చెయ్యి పెట్టే సాహసం వద్దు, ఆపి ఎత్తి మళ్లీ బయల్దేరండి. చిక్కగా ఉన్న బండి మొద్దుగా లాగుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా మొద్దవుతుంది, వెనక వచ్చేవాళ్లకి పెట్రోల్ వాసన కొడుతుంది.

ప్లగ్గు రంగు చూడాలంటే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, ఒకే వేగంతో కాసేపు పోయి, ట్రాఫిక్‌లో స్లోలో నానకుండా నేరుగా ఆపేసి, చల్లారాక తీయండి. మొన దగ్గర తెల్ల పింగాణి లేత గోధుమ రంగులో ఉంటే సరే. పొడి మసి నల్లగా పట్టి ఉంటే చిక్కన. సున్నం కొట్టినట్టు తెల్లగా, పొక్కులు పొక్కులుగా ఉంటే పలచన, ఆ బండిని అలాగే దూర ప్రయాణానికి తీసుకెళ్లొద్దు. తడిగా, ఆయిల్ జిడ్డుగా ఉంటే అది పిస్టన్ రింగులదో వాల్వు సీళ్లదో సమస్య, కార్బొరేటర్‌తో తీరదు.

మీ దగ్గర మీటర్లు లేవని బాధపడక్కర్లేదు, బంకు పక్కన వ్యాన్‌లో ఉండే పొల్యూషన్ టెస్టింగ్ వాళ్ల దగ్గర మంచి యంత్రం ఉంది. సర్టిఫికెట్ గడువు ఎలాగూ వస్తుంది కదా, అప్పుడు గొట్టాన్ని నిజంగా సైలెన్సర్లో పెట్టి రీడింగ్ తీయమని అడగండి. 2000 మార్చి తర్వాత తయారైన, బీఎస్‌6 కన్నా ముందరి 4 స్ట్రోక్ బైకులకి స్లోలో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం, హైడ్రోకార్బన్లు (కాలకుండా బయటికొచ్చే పెట్రోల్) 4500 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 4500, దాటకూడదు. మీ బండి కార్బన్ మోనాక్సైడ్ 3 పైన చూపిస్తే పాస్ అయిందని ఊరుకోకండి, స్లోలో పెట్రోల్ ఎక్కువ పోతోందని దాని అర్థం. కార్బన్ మోనాక్సైడ్ బాగా తక్కువ ఉండి హైడ్రోకార్బన్లు మాత్రం ఎక్కువగా ఉంటే ఇంజిన్ మిస్ కొడుతోంది, మరీ పలచగా అయినా ఉండాలి, ప్లగ్గు అయినా బాగోలేకపోవాలి. సైలెన్సర్లోకి తాజా గాలి పంపే ఏర్పాటు ఉన్న బళ్లలో ఈ అంకెలు ఉన్నదానికన్నా తక్కువగా వస్తాయి, అది గుర్తుంచుకోండి.

సూది, జెట్లు, ఫ్లోటు

స్క్రూ సరిగ్గా ఉండి, స్లో బాగుండి, హైవే మీద మైలేజీ రావడం లేదంటే అప్పుడు సూది గురించి ఆలోచించండి. స్లైడ్‌తో పాటు పైకి తీస్తే సూది తల దగ్గర చిన్న క్లిప్పు ఉంటుంది. కొన్ని సూదులకి ఒకటే గాడి ఉంటుంది, వాటికి చేసేదేం లేదు. ఎక్కువ గాళ్లు ఉంటే, క్లిప్పు పై గాడికి మారిస్తే సూది కిందికి దిగి పెట్రోల్ తగ్గుతుంది, కింది గాడికి మారిస్తే పెరుగుతుంది. ఒక్కసారికి ఒక్క గాడే. మార్చాక ఒక ట్యాంకు కొలవండి, ప్లగ్గు చూడండి. ఎవరైనా మునుపు మార్చి ఉంటే తప్ప కంపెనీ పెట్టిన మధ్య గాడి నుంచి కదిలించే అవసరం సాధారణంగా రాదు.

ఇరవై ఏళ్లు తిరిగిన బండికి వచ్చే అసలు జబ్బు వేరు. సూది, నీడిల్ జెట్ ఒకదానికొకటి రాసుకుని అరిగి సందు పెరుగుతుంది, ఆ సందులోంచి పెట్రోల్ అదనంగా పోతుంది. దీనికి ఏ స్క్రూ తిప్పినా లాభం లేదు. ఆ రెండూ జతగా మార్చాలి. స్లైడ్ కూడా ఒక పక్క మెరిసేలా అరిగి కదులుతుంటే కార్బొరేటర్ మొత్తం మార్చడమే నయం, అప్పుడు పేరు లేని చౌక కార్బొరేటర్ కాకుండా కంపెనీ పార్టే తీసుకోండి, చౌకవాటిలో జెట్లు మీ ఇంజిన్‌కి సరిపోతాయన్న భరోసా లేదు.

జెట్లలో చెత్త ఉంటే కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి, గాలి పెట్టండి. ఇనుప తీగ, పిన్నీసు, సూది పెట్టి గుచ్చొద్దు. జెట్టు మెత్తటి ఇత్తడి, దాని రంధ్రం కొలతే దాని మీద కొట్టిన అంకె, ఒక్క గీత పడినా ఆ అంకెకి విలువ ఉండదు. చిన్న మెయిన్ జెట్ వేస్తే మైలేజీ పెరుగుతుందని చెప్పేవాళ్లుంటారు. ఫుల్ యాక్సిలరేటర్‌లో, అంటే ఇంజిన్ మీద బరువు అన్నిటికన్నా ఎక్కువ ఉన్నప్పుడు పెట్రోల్ కోసేస్తే పిస్టన్ కాలుతుంది. ఆ పని ఎవరినీ చేయనివ్వకండి.

కార్బొరేటర్ కింద పైపులోంచి చుక్కలు పడుతుంటే మాత్రం వెంటనే చూడాలి. కార్బొరేటర్ గిన్నె నిండాక పెట్రోల్ రాకని ఆపే ఫ్లోట్ సూది కింద చెత్త చిక్కుకుని ఉంటుంది, లేదా దాని రబ్బరు మొన అరిగి ఉంటుంది. రాత్రిళ్లు పెట్రోల్ ట్యాపు కట్టేసే అలవాటు లేని ఇంట్లో ఈ చుక్కలే నెలకి లీటర్లకి లీటర్లు తినేస్తాయి.

ఈ20 పెట్రోల్ వచ్చాక

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు దాకా తక్కువ, కాబట్టి పాత బండికి మైలేజీ కొంత తగ్గడం సహజం. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికలో కూడా ఈ20 కోసం తయారు చేయని ద్విచక్ర వాహనాలకి 3 నుంచి 4 శాతం తగ్గుతుందనే చెప్పారు. 55 ఇచ్చే బండి 53 ఇస్తే దాన్ని వెతికి వెతికి పట్టుకోవాలని చూడకండి, అది ట్యూనింగ్‌తో తిరిగి రాదు.

ట్యూనింగ్‌కి సంబంధించిన అసలు విషయం ఇంకోటుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది, అందుకే ఈ20కి 1 కిలోకి సుమారు పదమూడున్నర కిలోల గాలే చాలు. కార్బొరేటర్‌కి ఈ సంగతి తెలియదు, పాత లెక్కలోనే గాలి పంపిస్తుంది, ఫలితంగా ఏమీ తిప్పకుండానే మిశ్రమం పలచబడుతుంది. కొన్నేళ్ల కిందట మైలేజీ కోసం పలచగా పెట్టించుకున్న బండి ఇప్పుడు ఇంకా పలచగా నడుస్తోంది. పికప్ పోయింది, ఇంజిన్ వేడెక్కుతోంది అనే పాత బళ్లలో మొదట అనుమానించాల్సింది దీన్నే, పైన చెప్పిన పద్ధతిలో మళ్లీ సెట్ చేస్తే స్క్రూ కాస్త చిక్కని వైపుకి జరగడం మీరే చూస్తారు. అలా జరిపినందుకు మైలేజీ తగ్గదు, చాలాసార్లు పెరుగుతుంది. పాత రబ్బరు పైపులు, ఓ రింగులు కూడా ఇథనాల్‌కి ఉబ్బి మెత్తబడతాయి, ఒకసారి వేలితో నొక్కి చూసి మార్చేయండి.

మే నెల ఎండలో గాలి పలచగా ఉంటుంది కాబట్టి మిశ్రమం కొద్దిగా చిక్కబడుతుంది, డిసెంబరులో కొద్దిగా పలచబడుతుంది, విశాఖ నుంచి అరకు ఘాట్ ఎక్కితే కూడా పైకి వెళ్లేకొద్దీ చిక్కబడుతుంది. వీటికోసం సీజన్‌కోసారి స్క్రూ తిప్పక్కర్లేదు, మధ్యలో పెట్టిన సెట్టింగ్ వీటన్నిటినీ తట్టుకుంటుంది, అంచున పెట్టింది తట్టుకోదు.

లాభం ఎంతో లెక్క వేసుకుని దిగండి. రోజుకి 30 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి నెలకి 900. లీటరుకి 50 నుంచి 55కి పెరిగితే 18 లీటర్ల బదులు 16.4 లీటర్లు, అంటే నెలకి సుమారు లీటరున్నర. మామూలుగా ఉన్న బండికి ఇంతకన్నా ఎక్కువ ఆశించొద్దు. బాగా చిక్కగా తిరుగుతున్న బండికి తేడా పెద్దగానే వస్తుంది.

ట్యూనింగ్ తర్వాత మళ్లీ అదే బంకు, అదే గుర్తు, 2 ట్యాంకులు. కొత్త మైలేజీ, స్క్రూ చుట్ల లెక్క, తేదీ ఒక కాగితం మీద రాసి సైడ్ ప్యానెల్ లోపలి వైపు అంటించండి, సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు కుర్రాడు స్క్రూలు తిప్పేసినా 5 నిమిషాల్లో వెనక్కి తెచ్చుకోవచ్చు. బండిని నెల రోజులకి మించి కదపకుండా ఉంచాల్సి వస్తే పెట్రోల్ ట్యాపు కట్టేసి, కార్బొరేటర్ గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఉన్న పెట్రోల్ సీసాలోకి దించేయండి, లేకపోతే అది లోపలే ఎండి జిగురై పైలట్ జెట్‌ని మూసేస్తుంది, అప్పుడు మళ్లీ కార్బొరేటర్ విప్పాల్సి వస్తుంది.